లేవలేని రోజున ఎవరొస్తారు?



విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కానూరు, పోరంకి, కంకిపాడు, ఉయ్యూరు దాకా వెళ్ళండి. ఎన్ని ఇళ్ళలోనో పైఅంతస్తుకి తాళం, కింద ఇద్దరు పెద్దవాళ్ళు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు పోయాక ఫోన్లో మాట మొదలవుతుంది: "అమ్మా, సీనియర్ లివింగ్‌లో చేరితే ఎలా ఉంటుంది?"

ఆ మాట వినగానే మనవాళ్ళ మనసులో వృద్ధాశ్రమం మెదులుతుంది. కొడుకుని ఊరు తిడుతుందేమోనని తల్లికి బెంగ, తల్లిని వదిలించుకున్నాడంటారేమోనని కొడుక్కి బెంగ. వృద్ధాశ్రమం, సీనియర్ లివింగ్ రెండూ వేరండీ. దిక్కులేని పేద వృద్ధుల కోసం జిల్లాకొకటి, కనీసం 150 మందికి సరిపడేలా ఆశ్రమాన్ని ప్రభుత్వం పెట్టవచ్చని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం చెబుతోంది. సీనియర్ లివింగ్ అలాంటిది కాదు. మన డబ్బుతో మనం ఎంచుకునే ఇల్లు అది. కోయంబత్తూరు చుట్టుపక్కల ఇలాంటివి చాలా వచ్చాయి, హైదరాబాద్ శివార్లలోనూ కడుతున్నారు. అమెరికాలోని అరిజోనాలో ఇలాంటిదే సన్ సిటీ, 1960లోనే మొదలైంది.

మంచి సంగతులు తక్కువేం కాదు. జారని బాత్రూమ్ గచ్చు, పట్టుకోవడానికి కడ్డీలు, మంచం పక్కన బెల్లు, వేళకి భోజనం. వీటన్నిటికంటే పెద్దది పొద్దున్నే పలకరించే మనిషి. రోజంతా ఎవరితోనూ నోరు విప్పకుండా గడిపే పెద్దవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు, అది చిన్న బాధ కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్ వైపు కరెంటు లేక, తాగునీళ్ళు లేక మేడల మీద చిక్కుకుపోయిన పెద్దవాళ్ళని తలుచుకోండి. జనరేటరూ, నీళ్ళ నిల్వా, మోసుకెళ్ళే మనుషులూ ఉన్నచోట ఆ రోజులు వేరుగా గడిచేవి. అయితే అదే వరద ఇంకో ప్రశ్న కూడా నేర్పింది. మీరు చేరబోయే చోట ఆ సెప్టెంబరులో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయి? బ్రోచర్‌ని నమ్మకుండా పక్కవీధి కిరాణా కొట్టువాణ్ణి అడగండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఇలాంటి చోటు చూడ్డానికి వెళ్ళినప్పుడు మనం నడిచి వెళ్తాం. తోటా, గుడీ, యోగా గదీ చూసి ముచ్చటపడతాం. చూడాల్సింది మనం లేవలేని రోజుని. పక్షవాతం వచ్చినా, మతిమరుపు ముదిరి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా అక్కడే ఉంచుకుంటారా, పిల్లల్ని పిలిచి తీసుకుపొమ్మంటారా? చాలా చోట్ల తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ళనే చేర్చుకుంటారు. ఆ స్థితి దాటాక ఏం చేస్తారో ఒప్పందంలో అచ్చక్షరాల్లో ఉండాలి. మేనేజరు నోటిమాట చాలదు, ఆ మేనేజరు రెండేళ్ళ తర్వాత అక్కడ ఉండకపోవచ్చు. రాత్రి రెండింటికి బెల్లు నొక్కితే వచ్చేది నర్సా, వాచ్‌మనా అని కూడా అడగండి.

ఆస్పత్రి ఎంత దూరమో కిలోమీటర్లలో కాక నిమిషాల్లో లెక్కవేయండి. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి, గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆలోపే స్కానింగ్ కూడా కావాలి. సాయంత్రం ఆరింటికి కంకిపాడు నుంచి అంబులెన్సు బయల్దేరిందనుకోండి. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్లు బందరు రోడ్డుకి అడ్డంగా వెళ్ళే జాతీయ రహదారి బళ్ళ కోసం. బందరు రోడ్డున వచ్చే బండి కిందనే వెళ్ళాలి. ఒకసారి ఆ వేళకే కారులో వెళ్ళి చూసుకోండి.

డబ్బు లెక్క. 15 లక్షలు డిపాజిట్ కట్టండి, వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తాం అంటారనుకుందాం. అదే సొమ్ము సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 8.2 శాతానికి వేస్తే, మూడు నెలలకోసారి, నెలకి 10,250 రూపాయల లెక్కన వడ్డీ వస్తుంది. అంటే మీరు కట్టే నెలవారీ ఖర్చుకి ఆ పదివేలూ కలిపి చూసుకోవాలి. ఏటా ఎంత పెంచుతారు, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, మనిషి పోతే ఎవరికిస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. కొనుక్కునేదైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు చూడండి. కొన్నిచోట్ల వయసు నిబంధన ఉంటుంది. ఇల్లు వారసత్వంగా వచ్చినా మీ అబ్బాయి అందులో ఉండలేడు, అమ్ముకోవాలన్నా కొనేది పెద్దవయసువాళ్ళే కావాలి. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో ఈ ఇళ్ళకి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది కానీ, అవి మార్గదర్శకాలే. మీకు అండగా నిలిచేది మీ సంతకం ఉన్న ఒప్పందమే.

తిండి దగ్గర మొహమాటపడకండి. చాలా చోట్ల శాకాహార వంటశాలే. దివిసీమలో పుట్టి, చేపల పులుసు లేకుండా ఆదివారం ఎరగని మనిషికి డెబ్బై ఐదేళ్ళప్పుడు అది చిన్న విషయం కాదు.

అడగడానికి మనసొప్పని ప్రశ్న ఇంకొకటుంది, అయినా అడగాలి. ప్రాణం పోయాక, అమెరికా నుంచి పిల్లలొచ్చేదాకా ఫ్రీజర్ బాక్సు పెట్టుకోనిస్తారా? పదిరోజుల కార్యక్రమాలకి చోటుంటుందా? ఆ బాధలో ఉన్న పిల్లల్ని గేటు దగ్గర బతిమాలుకునే పరిస్థితిలో పెట్టకండి.

నన్నడిగితే, ఇద్దరూ ఆరోగ్యంగా ఉండి, పిలిస్తే పలికే ఇరుగుపొరుగు ఉంటే పటమటలోనో మొగల్రాజపురంలోనో మీ ఇంట్లోనే ఉండండి. వేళకొచ్చే పనిమనిషినీ, అవసరమైతే ఆయానీ పెట్టుకోండి. ఒంటరిగా ఉండి, రాత్రిళ్ళు భయమేస్తోందా, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి. కాళ్ళూ జ్ఞాపకమూ బాగున్నప్పుడే వెళ్తే అక్కడ స్నేహాలు కుదురుతాయి. మంచానపడ్డాక వెళ్ళినవారికి ఆ నాలుగు గోడలే మిగులుతాయి. ముందు అద్దెకి ఉండి చూడండి. అదీ మే నెల ఎండల్లోనో, వానాకాలంలోనో. ఏడాది తిరిగేదాకా సొంత ఇల్లు అమ్మకండి.

ఆ ఇంటిని పిల్లల పేర రాసే తొందరా వద్దు. రాయాల్సి వస్తే, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు గిఫ్ట్ డీడ్‌లో రాయించండి. ఆ షరతు తప్పితే 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌లోని ఒక తల్లి రాసిన గిఫ్ట్ డీడ్‌ని ఇలాగే రద్దుచేసి, ఆస్తి ఆమెకి తిరిగి ఇప్పించింది. సలహా కావాలన్నా, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నా వయోవృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది, పెన్ను తీసుకుని రాసుకోండి: 14567.