ఆడోళ్ల గుండె గురించి ఎవరు అడుగుతరు?

(బోధన్‌లో బీడీ కార్మిక స్త్రీలు, కూలీ సంఘాల కార్యకర్తల ముందు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన వాడల్లో గుండెపోటు అంటే మొగోళ్ల రోగం. మొగాయన ఛాతి పట్టుకొని కూలబడితే వాడంతా ఉరుకుతది, ఆటో వస్తది, దవాఖానకు తీస్కపోతరు. అదే ఆడామె ‘ఆయాసమొస్తున్నది, వీపుల గుంజుతున్నది, కడుపుల తిప్పుతున్నది’ అంటే ఏమంటరు? ‘గ్యాస్ అయింది, సోడా తాగు’ అంటరు. ఆమె కూడా అదే అనుకుంటది. చాట ఒళ్లో పెట్టుకొని ఆ పూట వెయ్యి బీడీల లెక్క ఎట్ల తీరాలె అనే చూస్తది. తెల్లారేసరికి మనిషి ఉండదు. ‘దేవుడు పిలిచిండు’ అంటరు. దేవుడు పిలవలేదు. ఆమె చెప్పింది, వినేటోళ్లు వినలేదు. ఈ మాట చెప్పటానికే మేము మీ ముందు నిలబడ్డం.

గుండెజబ్బు కార్లల్ల తిరిగేటోళ్ల జబ్బు అనేది అబద్ధం. 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో చావులకు కారణాలు లెక్కగట్టిండ్రు. నూటికి 32 చావులు గుండెపోటు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బులవే. పల్లె చావుల్లో అదే మొదటి కారణం.

ఇగ ఆడ, మగ తేడా ఏమిటో చూద్దాం.

మొదటిది వయసు. 52 దేశాల్లో చేసి 2004లో ప్రకటించిన పరిశోధనలో, ఆడవాళ్లకు మొదటి గుండెపోటు మగవాళ్ల కంటే సుమారు 9 ఏండ్లు ఆలస్యంగా వస్తున్నట్టు తేలింది. ముట్టు ఆగేదాకా ఒంట్లో ఊరే ఈస్ట్రోజన్ రక్తనాళాలకు కొంత కాపుదల ఇస్తది. ముట్టు ఆగినంక ఆ కాపుదల తగ్గుతది.

మరి మన ఆడోళ్ల కాపుదల ఏమైంది? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినోళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. తెలంగాణలో దాదాపు 8 మంది, ఆంధ్రలో దాదాపు 9 మంది. తెల్లబట్టకు కోసిండ్రు, నడుంనొప్పికి కోసిండ్రు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీస్తే కాపుదల ఆ రోజుతోనే పోతది. చిన్న వయసులో అట్ల తీసినోళ్లకు గుండెజబ్బు ముప్పు పెరుగుతది. కాబట్టి ఆపరేషన్ అయిన ప్రతి అక్క తన కాగితాలు తీసి, ఏమేమి తీసిండ్రో చదివించుకోవాలె.

రెండోది లక్షణాలు. ఛాతినొప్పి ఇద్దరిలోనూ ఎక్కువగా కనిపించేదే. కానీ ఆడవాళ్లలో దానితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, దవడ, మెడ, వీపు, భుజం గుంజటం, చల్ల చెమటలు, ఎన్నడూ లేని అలసట ఎక్కువగా వస్తయి.

మూడోది నాళాల తీరు. మగవాళ్లలో ఎక్కువగా పెద్ద నాళం ఒక్క చోట మూసుకపోతది. ఆడవాళ్లలో సన్ననాళాలు దెబ్బతినటం ఎక్కువ. అందుకే యాంజియోగ్రామ్ బాగున్నదన్నంత మాత్రాన ఆమె నొప్పి అబద్ధం కాదు.

నాలుగోది షుగర్, పొగాకు. షుగర్ జబ్బు మగవాళ్ల గుండెకంటే ఆడవాళ్ల గుండెకే ఎక్కువ చేటు చేస్తది. మన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరుల మూతపడ్డది. చక్కెర పోయింది, చెరుకు పోయింది, కొలువులు పోయినయి. షుగర్ జబ్బు మాత్రం మన ఇండ్లల్ల ఉండిపోయింది. ఇగ బీడీ. చుట్టేది ఆమె, తాగేది ఆయన. తంబాకు చర్మం నుంచి, దుమ్ము నుంచి ఆమె ఒంట్లకు నికోటిన్ ఎక్కుతది. పైగా ఇంట్ల ఆయన ఇడిచిన పొగ. పక్కోళ్ల పొగ పీల్చేటోళ్లకు గుండెజబ్బు ముప్పు నూటికి 25 నుంచి 30 వంతులు పెరుగుతదని పరిశోధనలు చెప్తున్నయి. అన్నలారా, మీ బీడీ మీకు నలభైలల్లనే గుండెపోటు తెస్తది, ఆమెకు తర్వాత తెస్తది. కానుపుల బీపీ వచ్చిన తల్లులు కూడా జీవితాంతం గుండెను కనిపెట్టుకొని ఉండాలె.

ఇన్ని తేడాలుంటే వైద్యశాస్త్రం ఎందుకు ముందే చెప్పలేదు? చాలాకాలం పరిశోధనలు మగవాళ్ల మీదనే చేసిండ్రు కాబట్టి. 1991లో అమెరికాలో బెర్నడిన్ హీలీ అనే గుండె వైద్యురాలు ఈ సంగతి బయటపెట్టింది. ఆడది తన జబ్బు మగవాడి జబ్బులాగానే ఉన్నదని రుజువు చేసుకుంటేనే మగవాడితో సమానంగా వైద్యం దొరుకుతున్నదని ఎత్తిచూపింది. పరిశోధనల్లో స్త్రీలను చేర్చాలని 1993లో ఆ దేశం చట్టం చేసింది. ఇంకొకడి కొలబద్దతో మనల్ని కొలిచి, ‘నీకేం కాలేదు పో’ అనటం వాడల్లో పుట్టిన మనకు కొత్తగాదు. ఆ కొలబద్ద దవాఖానలో కూడా ఉన్నది. దాన్ని అక్కడ కూడా విరగ్గొట్టాలె.

ఏం చెయ్యాలె?

ఒకటి: పైన చెప్పిన బాధ ఆగకుండా ఉంటే గ్యాస్ గోలీతో పొద్దు గడపొద్దు. 108కి ఫోన్ చెయ్యాలె. మనిషిని నడిపించొద్దు. గుండె కండరం చచ్చేది నిమిషాల లెక్కన.

రెండు: దవాఖానకు పోంగనే ‘గుండె అనుమానం ఉన్నది, ఈసీజీ తియ్యండి’ అని గట్టిగ అడగాలె. మొదటి ఈసీజీ బాగున్నా బాధ తగ్గకపోతే మళ్ల తియ్యమనాలె, ట్రోపోనిన్ రక్తపరీక్ష అడగాలె.

మూడు: 30 ఏండ్లు నిండిన ప్రతి మనిషికి బీపీ, షుగర్ పరీక్ష చేసే సర్కారు కార్యక్రమం ఉన్నది. ఆశా అక్కను అడిగి చేయించుకోండి. బీపీ తగ్గిందని గోలీలు సొంతంగ ఇడిసిపెట్టొద్దు.

నాలుగు: గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నయి. 2007 నుంచి ఉన్న హక్కు అది, దయ గాదు. నిజామాబాద్‌కు 2013లో మెడికల్ కాలేజీ వచ్చింది. కానీ బాధ మొదలయ్యేది పల్లెల. ప్రతి మండల దవాఖానలో రాత్రిపూట కూడా ఈసీజీ తీసే మనిషి ఉండాలని సంఘాలు తీర్మానం చెయ్యాలె, అర్జీ పెట్టాలె, జవాబు వచ్చేదాక అడగాలె.

కార్యకర్తలారా, కూలి లెక్క అడగటం మనకు వచ్చు. ఇక మీద మీటింగుకు పోయిన ప్రతి ఇంట్ల ఇంకో ప్రశ్న అడుగుదాం. ‘అక్కా, నీ ఆయాసం ఎన్నడు మొదలైంది?’ ఆమె జవాబు చెప్పేదాక కూసోని విందాం.

జై భీమ్.