ఒక్క పరీక్షతో మనిషిని వెలేయొద్దు

(వరంగల్ జిల్లాలోని ఒక వాడ సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల హెచ్‌ఐవీ పరీక్ష గురించి నాలుగు మాటలు చెప్త. క్యాంపు వచ్చిందంటె మన వాడోళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతరు. "సారూ, వేలు పొడిచి అరగంటల చెప్పేది నిజమేనా? నిజమైతే ఊరంతా తెలుస్తదా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే.

ముందు పరీక్ష సంగతి. ఇది వైరస్‌ను నేరుగా వెతకదు. వైరస్ మీద కొట్లాడటానికి మన ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలను పట్టుకుంటది. అవి తయారయ్యేందుకు కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతది. అందుకే అనుమానం ఉన్న మనిషికి ఇయ్యాల లేదని వచ్చినా, మూడు నెలలకు మళ్ళీ చేయించాలె. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు 18 నెలలు నిండేదాక ఈ పరీక్షతో తేల్చరాదు. తల్లి యాంటీబాడీలే బిడ్డలో ఉండొచ్చు. బిడ్డకు వేరే పరీక్ష ఉన్నది.

మరి ఎంత నమ్మొచ్చు? కాజీపేటల రైలెక్కి దీక్షాభూమికి పోతుంటె నాగపూర్ కంటె ముందు సేవాగ్రామ్ తగులుతది. అక్కడి మెడికల్ కాలేజీల 450 మందికి ఈ పరీక్ష చేసి 2007లో ఫలితాలు అచ్చేసిన్రు. వేలి రక్తంతో చేసిన పరీక్ష హెచ్‌ఐవీ ఉన్నోళ్ళను ఒక్కరినీ వదలలేదు. లేనోళ్ళల్ల మాత్రం సుమారు మూడు వందల మందికి ఒకరిని ఉన్నట్టు చూపింది. అక్కడనే చిగుళ్ళ తడితో కూడా చేసి చూసిన్రు. మొదటిసారి పరీక్షకు నూటికి 87 మంది సూది లేని ఆ పద్ధతినే కోరుకున్నరు. అంటే జనం పరీక్షను కాదనరు. చేసే తీరు చూస్తరు.

ఇప్పుడు బడిలెక్క ఒకటి చేద్దాం. 3000 మందికి పరీక్ష చేసినమనుకోండి. అందుల నిజంగ హెచ్‌ఐవీ ఉన్నోళ్ళు 15 మంది. మిగిలినోళ్ళల్ల మూడు వందలకు ఒకరు చొప్పున తప్పుగ వచ్చేది 10 మందికి. మొత్తం 25 మందికి "ఉన్నది" అని వస్తది. అందుల పదిమందికి అసలు లేనే లేదు! మంచి పరీక్షయినా సరే, ఒక్కదాన్నే నమ్మితె ఇదీ గతి.

అందుకే సర్కారు పద్ధతిల లక్షణాలు లేని మనిషికి మూడు వేరువేరు కిట్లతో చేస్తరు. మూడింటిల ఉన్నదని వస్తేనే పాజిటివ్ అని రాస్తరు. ఒకదానికొకటి పొంతన లేకుంటె రెండు నుంచి నాలుగు వారాలకు మళ్ళీ రమ్మంటరు. ఊరి క్యాంపుల చేసేది మొదటి జల్లెడ మాత్రమే. తేల్చేది ఐసీటీసీ. మన ఎంజీఎం ఆస్పత్రిల ఆ కేంద్రమున్నది, పైస తీసుకోరు.

ఇగ రెండో ప్రశ్న. వెనకట రక్తమిచ్చి, ఫలితానికి ఇంకోనాడు పోవాల్సి వచ్చేది. కూలి పాయె, బస్సు కిరాయి పాయె. చాలామంది ఫలితం తెలుసుకోకుండనే ఉండిపోయిన్రు. ఇప్పుడు ఆ బాధ తగ్గింది. కాని భయం తగ్గలేదు. వెలి అంటే ఏందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పేరు బయటపడితె నల్లా కాడ, బడికాడ ఏమైతదో మనకెరుక.

దీనికి 2017 చట్టమున్నది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలైతున్నది. చెప్పి, ఒప్పించి, సమ్మతి తీసుకోకుండ పరీక్ష చేయరాదు. ఫలితం ఇతరులకు చెప్పరాదు. ఉద్యోగమియ్యడానికి ఈ పరీక్ష షరతు పెట్టరాదు. బడిల, ఆస్పత్రిల, కిరాయి ఇంట్ల వివక్ష చూపరాదు.

పాజిటివ్ వస్తె చావు గాదు. 2004 నుంచి సర్కారు మందులు ఉచితంగ ఇస్తున్నది. రోజూ మింగితె వైరస్ అణిగిపోతది. పరీక్షకు దొరకనంత అణిగితె సంసారంల భార్యకు, భర్తకు అంటదు. గర్భిణి మందులు వాడితె బిడ్డకు సోకే ప్రమాదం చానా తగ్గుతది. తెలియకుంటె మాత్రం ఇవేవీ అందవు.

కార్యకర్తలకు నా మాట ఇది. క్యాంపుల వరుస నిలబెట్టి, పదిమందిల పేరు పిలిచి ఫలితం చెప్తుంటె అక్కడనే ఆపుండ్రి. చాటు అర్ర అడుగుండ్రి. పోయే మనిషికి తోడు పోండ్రి, లోపల ఏం చెప్పిన్రని మాత్రం అడగకుండ్రి. సందేహముంటె 1097కు ఫోన్ చేయుండ్రి, పైస పడది. పరీక్ష మన హక్కు. గుట్టు కూడ మన హక్కే. ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోవద్దు.