కొత్త పంపు ఎందుకు కారుతోంది?

(మండల శిక్షణా తరగతిలో ఒక రైతు మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించో, కరెంటు గురించో చెప్పడానికి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. నేను మోటార్లు విప్పి బిగించేవాణ్ణి. రెండెకరాల వరి కూడా ఉంది. అందుకని పంపు ఆగితే మెకానిక్ ఏమంటాడో తెలుసు, రైతు కడుపు ఎట్లా మండుతుందో కూడా తెలుసు. ఈ పూట నా సొంత తప్పుతోనే మొదలుపెడతాను.

మూడేళ్ల కింద యాసంగిలో, వరి పొట్ట మీద ఉండగా, వాగు గట్టున ఉన్న నా 5 హెచ్‌పీ మోనోబ్లాక్ కేసింగు పగిలింది. అప్పు చేసి కొత్తది తెచ్చాను. పాత దిమ్మె మీదే పెట్టి, పాత పైపులకే బిగించాను. నాలుగో రోజుకు మోటారుకూ పంపుకూ మధ్య నుంచి నీళ్లు కారడం మొదలైంది. సీలు పోయిందనుకుని మార్చాను. వారం తిరక్కుండానే మళ్లీ కారింది, మళ్లీ మార్చాను. మూడోసారి దుకాణం మీదికి పోయి, పనికిమాలిన సరుకు అంటగట్టావని కొట్లాడాను. "బిగించుడు సరిగ్గ లేదేమో చూస్కో అన్నా" అన్నాడాయన. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్న నన్ను ఆ మాట అన్నాడని ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి డెలివరీ ఫ్లాంజి బోల్టులు వదులు చేశాను. పైపు టప్పుమని అంగుళం పక్కకు జరిగింది. అప్పుడు తెలిసింది. కొత్త పంపు మూతి పాతదాని ఎత్తులో లేదు. ఆ తేడాను నేను పానాతో లాగి బిగించాను. పైపు బలమంతా కేసింగు మీద పడింది, కేసింగు వంకర లాగింది, లోపల సీలు ముఖాలు రెండూ సమంగా ఆనలేదు. అట్లాంటప్పుడు పది సీళ్లు మార్చినా కారుతూనే ఉంటుంది. పైపు కింద రాతి ఆనింపు పెట్టి, దిమ్మె మీద పంపు కింద రేకు ముక్కలు వేసి ఎత్తు సరిచేశాను. ఆనాడు వేసిన సీలు ఈనాటికీ నడుస్తోంది.

కాబట్టి సామాను మార్చేముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. పంపు ఆపి, గుడ్డతో పొడిగా తుడిచి, మళ్లీ నడిపి, టార్చి వేసి దూరం నుంచి చూడండి. చెయ్యి పెట్టొద్దు. నీళ్లు కిందికి జారతాయి కాబట్టి బొట్లు పడే చోటు వేరు, కారే చోటు వేరు. ఫ్లాంజి కావచ్చు, కేసింగు అతుకు కావచ్చు, నీళ్లు వదిలే ప్లగ్గు కావచ్చు, షాఫ్టు దగ్గర కావచ్చు, పోతలో ఉన్న సన్న రంధ్రమైనా కావచ్చు. ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. పంపు ఆగినప్పుడు కారి, నడిచేటప్పుడు కారకపోతే అది సక్షన్ వైపుది. నడిచేటప్పుడు అక్కడ నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. నీళ్లు తగ్గాయని మనం వాగును తిడతాం.

గ్లాండు తాడు ఉన్న పంపు అయితే చుక్క చుక్కగా కారాలి. అది రోగం కాదు, ఆ చుక్కలే షాఫ్టును చల్లగా ఉంచుతాయి. ఒక్క చుక్క కూడా రావొద్దని బిగిస్తే తాడు మాడి షాఫ్టుకు గాడి పడుతుంది. మెకానికల్ సీలు అట్లా కాదు, అది కారకూడదు. అందులో సాధారణంగా ఒక ముఖం కార్బన్, ఒక ముఖం సిరామిక్. రెంటి మధ్య పలుచటి నీటి పొర ఉంటేనే అవి బతుకుతాయి. నీళ్లు లేకుండా కాసేపు తిరిగినా మాడిపోతాయి.

ఆటో స్టార్టరు సంగతి ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వం ప్రచారం చేసింది. అది భూగర్భజలాల కోసం. నేను సీలు కోసం చెబుతున్నాను. ఫుట్‌వాల్వు కారితే రాత్రికి పంపు ఖాళీ అవుతుంది. కరెంటు పోయి వస్తే, మీరు పడుకుని ఉండగానే మోటారు వట్టిగా తిరుగుతుంది. పొద్దున పోయి చూసి కంపెనీని తిడతాం.

కొత్త సీలు వేసేటప్పుడు ఆ ముఖాలను జిడ్డు వేళ్లతో ముట్టుకోవద్దు. రబ్బరుకు సబ్బు నీళ్లు రాయండి. ముందు షాఫ్టు మీద గోరు పెట్టి గీయండి, గోరు తట్టుకుంటే గాడి ఉన్నట్టు. అక్కడ కొత్త సీలు నిలవదు.

కారి పోయే నీళ్లు పెద్ద లెక్క కాదు. అవి షాఫ్టు వెంట బేరింగులోకి పోయి గ్రీజును కడిగేస్తాయి. ముందు చప్పుడు, తర్వాత వైండింగు కాలుడు. మధ్యలో నీళ్లు విసిరికొట్టే చిన్న రబ్బరు రింగు ఉంటుంది, బిగించేటప్పుడు చాలామంది మరిచిపోతారు. కారుతుంది కదా అని ఆ సందులో గోనె గుడ్డ కుక్కడం ఇంకా ఘోరం. నీళ్లకు వేరే దారి లేక మోటారులోకే పోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. పంపు కారితే నేల తడి, కాళ్లు తడి. లోపల ఇన్సులేషన్ చెడితే పంపు ఒళ్లంతా కరెంటే. స్టార్టరు ఆపితే చాలదు, స్టార్టరు దాకా కరెంటు ఉంటుంది. మెయిన్ దించి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకుని పంపు ముట్టండి. ఎర్తు తీగ ఉందో తెగిందో చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని లైన్‌మన్‌ది, ఆయన వచ్చేదాకా ఆగండి. మడి ఒక రోజు ఎండినా ఫరవాలేదు.

ఇక బిల్లు సంగతి. ఆ రోజు తప్పు నాదే కాబట్టి సరిపోయింది. దుకాణందే అయి ఉంటే? నా దగ్గర ఉన్నది తెల్ల చీటీ. మోనోబ్లాక్ కొంటే పలక మీద ఐఎస్ 9079 చూడండి, బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు తీసుకోండి. పోతలో రంధ్రం కనిపిస్తే కేసింగు విప్పకుండా ఫోటో తీసి డీలరుకు చెప్పండి. మనం విప్పితే వారంటీ పోయిందంటారు. వినకపోతే 1915కు ఫోన్ చేయండి, లేదా రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోండి. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. రైతు వినియోగదారుడు కాడని ఎవరైనా అంటే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. విత్తనాలు కొన్న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసే అది.

బయట చెట్టు కింద ఒక పాత పంపు పెట్టాను. పైపును కావాలనే వంకరగా బిగించాను. టీ తాగి రండి, ఎవరైనా ఒకరు పానా పట్టి ఆ బోల్టులు వదులు చేయండి. పైపు ఎటు జరుగుతుందో అందరం చూద్దాం.