వేసవి లగ్గములు - మా బ్యాండు మేళము

ఉగాది దాటగానే మా కమాన్‌పూర్ ప్రాంతమున రెండు ప్రశ్నలు వినవచ్చును. ఈ యేడు ఎండ ఎంతవరకు పోవును? ముహూర్తములు ఎన్ని ఉన్నవి? మొదటిది అందరి ప్రశ్న. రెండవదానిని పెండ్లివారికంటె ముందుగా పంతులుగారిని అడుగువాడు బ్యాండు మేళగాడు. ఏడాది తిండిలో పెద్దపాలు అతనికి ఈ మూడు మాసములలోనే దొరకవలెను.

ఏ సినిమా సంస్థకును కట్టుబడక, తమ పాట తామే కూర్చుకొని పాడు బృందములను గురించి నేడు పట్టణములలో గొప్పగా చెప్పుకొనుచున్నారు. చెప్పుకొనవలసినదే. అయితే స్వతంత్ర బృందమను పేరునకు మా దృష్టిలో మొదట తగినవాడు వీధి బ్యాండువాడు. అతనికి నెలజీతము లేదు, కంపెనీ లేదు, టిక్కెట్టు లేదు. పది పన్నెండుగురు కలిసి వాద్యములు కొనుక్కొని, జలతారు కుట్టిన ఎఱ్ఱకోట్లు తొడుక్కొని, బయానా పుచ్చుకొని వత్తురు. ఈ సాయంత్రము వారి వేసవిని గురించియు, ఆ వేసవిలో మాకు ఇష్టమైన పాటలను గురించియు చెప్పదలచినాము.

కమాన్‌పూర్ ఆదివరాహస్వామి క్షేత్రముగా పేరుపొందినది. 2016 అక్టోబరు వరకు కరీంనగరు జిల్లాలో ఉండి, అటుపిమ్మట పెద్దపల్లి జిల్లాలో చేరినది. చుట్టును సింగరేణివారి బొగ్గుగనులు. అటు రామగుండము, గోదావరిఖని. మే మాసమున ఇక్కడ 45 డిగ్రీలు దాటుట వింత కాదు. నల్లని బొగ్గు, నల్లని రోడ్డు, మట్టిగుట్టలు పగలంతయు కాగి, రాత్రి చాలసేపటివరకు వేడిని విడువవు. ఇట్టి నేలపై, ఇట్టి మాసమున, మందపుకోటు తొడుక్కొని ఇత్తడి బాకా ఊదుట ఎట్టి పనియో శ్రోతలు ఊహింపవచ్చును.

వాద్యమునకును ఆ ఎండ తగులును. గాలి వేడెక్కినకొలది ధ్వని వేగము హెచ్చును. 20 డిగ్రీల వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు పోవు ధ్వని, 45 డిగ్రీల వద్ద సుమారు 358 మీటర్లు పోవును. అందుచే బాకాలోని గాలి వేడెక్కగానే శ్రుతి పైకి జరుగును. వెంట తెచ్చుకొన్న కీబోర్డు మాత్రము కరెంటు వాద్యము కనుక ఉన్నచోటనే ఉండును. రెంటికిని పొత్తు కుదురదు. అనుభవము గల మేళగాడు శ్రుతిగొట్టమును కొంచెము బయటికి లాగి సరిచేసికొనును. క్లారినెట్టువాని కష్టము వేరు. వాని వాద్యమునకున్న రెల్లుపుల్ల వడగాలికి ఎండి బిగిసిపోవును. దానిని నోటిలో తడుపుకొనుచునే ఉండవలెను. ఎండకు సంతోషించునది డప్పు ఒక్కటే. వానకాలమున మంటపై కాచిననే గాని పలుకని చర్మము, వేసవిలో కాచకుండనే కణకణ మ్రోగును.

ఇక పాటల మాట. బ్యాండువానికి పాట పుస్తకములనుండి వచ్చినది కాదు, చెవినుండి వచ్చినది. 1952 తరువాత కేస్కరుగారు ప్రసారశాఖ మంత్రిగా ఉన్న కాలమున ఆకాశవాణి సినిమాపాటను దాదాపు గడప దాటనీయలేదు. జనము సిలోను వైపు ముల్లు త్రిప్పిరి. అచట తెలుగు పాటలను వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతును ఆనాటివారు ఇప్పటికిని తలచుకొందురు. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయిన పిదప ముల్లు తిరిగి ఇంటికి వచ్చినది. రేడియో ఉన్న హోటలు ముందు నిలబడి, వచ్చినంతవరకు విని, రానిది మఱునాడు విని, పాటను వ్రేళ్లమీదికి తెచ్చుకొనుటయే మేళగాండ్ర సంగీతశిక్షణ. ఇప్పుడు ఆ పని ఫోను చేయుచున్నది. చెవి మాత్రము వారిదే.

1961లో వచ్చిన సీతారామ కల్యాణము చిత్రమునందలి కల్యాణగీతము లేనిదే మా వైపు లగ్గము జరిగినట్లు తోచదు. సముద్రాల రాఘవాచార్యులవారి రచన, గాలి పెంచల నరసింహారావుగారి బాణీ, సుశీలగారి గానము. శ్రీరామనవమి పందిళ్లలో మొదలిడి జ్యేష్ఠమాసపు తుది ముహూర్తము వరకు అది వీధులలో తిరుగుచునే ఉండును. మేళగాండ్రకు అది దైవప్రార్థన వంటిది. ఎదుర్కోళ్లకు మొదట అదే ఎత్తుకొందురు.

మాకు అంతకంటెను ప్రియమైనది మాయాబజారు, 1957. అందులోని పడవపాట. పింగళివారి మాటలు, ఘంటసాల, లీలగార్ల గొంతులు, మార్కస్ బార్‌ట్లే తెరపై పరచిన వెన్నెల. వడగాలి నిలిచి కాస్త చల్లబడిన పదిగంటల వేళ ఒక్క క్లారినెట్టు ఆ బాణీని ఎత్తుకొన్నప్పుడు, ఎండకు వాడిన ముఖములు తేరుకొనుట మేము చూచినాము. బరాత్‌లో కుఱ్ఱకారు దానిని అడుగరు. పెద్దలు అడుగుదురు, అదియు సిగ్గుపడుచు.

కుఱ్ఱకారు అడుగునది వేరు. 2017లో ఫిదా చిత్రమునకు మన గోదావరిఖని బిడ్డ మధుప్రియ పాడిన పాట మా వీధులలో ఇంటిపాటవలె చెల్లినది. 2021 వేసవిలో ఏ సినిమాతోడను సంబంధము లేకుండ మోహనా భోగరాజు పాడిన బుల్లెట్ బండి పాట వెలువడెను. ఆగస్టులో గోదావరికి ఆవలనున్న మంచిర్యాల జిల్లాలో ఒక వధువు తన బరాత్‌లో సిగ్గు విడిచి ఆ పాటకు ఆడగా, ఆ దృశ్యము ఫోనులలో దేశమంతయు తిరిగినది. పాటను లోకమునకు పరిచయము చేసినది సినిమాహాలు కాదు, బొగ్గుగనుల నడుమ ఒక పెండ్లివీధి. ఇది మాకు గర్వముగానే ఉన్నది. హైదరాబాదు చౌరస్తా బృందము పట్టణమును విడిచి ఊరికి పోవుదమని పాడిన పాటయు వేసవి సెలవులకు ఇంటికి వచ్చు పిల్లల నోట వినబడును. అది బాకాకు అంతగా ఒదుగదు. గిటారుకు పుట్టిన పాట అది.

పాటలెన్ని ఉన్నను వేసవి అన్నియేండ్లును ఒక్కతీరున ఉండదు. 2020లో ఉగాది మార్చి 25న వచ్చినది. ఆనాడే దేశమంతట తాళములు పడినవి. చౌరస్తావారు చేతులు కలుపవద్దని హెచ్చరించుచు పాడిన పాట ఫోనుల ద్వారా ప్రతి ఇంటికిని చేరినది. దానిని వాయించుటకు బ్యాండువానికి వీధియే లేకపోయినది. చైత్రము, వైశాఖము, జ్యేష్ఠము మూడును మూగగా గడచెను. 2024లో వ్యాధి ఏమియు లేదు. అయినను శుక్రమౌఢ్యమి, గురుమౌఢ్యమి కలిసి రాగా ఏప్రిల్ చివరినుండి జూలై మొదటివరకు ముహూర్తములు కరవైనవి. వెనువెంటనే ఆషాఢము. శ్రావణము వచ్చువరకు కోట్లు పెట్టెలోనే ఉండెను. ఆకాశమున రెండు గ్రహములు సూర్యునికి చేరువైనచో, ఇచట పన్నెండు ఇండ్లలో పొయ్యి మందగించును.

ఇప్పటి గండము గ్రహములది కాదు, డీజే బండిది. ఒక లారీ, ఒక యంత్రము, ఇద్దరు మనుష్యులు. పన్నెండుగురికి కూలి, భోజనము, దారిఖర్చు లెక్కవేసి చూచిన తండ్రికి బండి చవుకగా కనబడును. అందుకు వానిని తప్పుపట్టలేము. కాని ఆ మ్రోతకు కిటికీ అద్దములు అదరును. నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదని, రాత్రి పదింటినుండి ఉదయము ఆరింటివరకు బహిరంగస్థలమున మైకు మ్రోగరాదని 2000 సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి. గనుల కాలనీలలో ఈ లెక్క కాగితమునకు సంబంధించినది మాత్రమే కాదు. రాత్రి షిఫ్టులో బాయికి దిగి వచ్చినవాడు పగలు కూలరు ముందు పండుకొనును. తెల్లవారి షిఫ్టువాడు రాత్రి తొందరగా పండుకొనును. బ్యాండు మ్రోత ఆ ఇండ్లవారికి సుఖమని మేమనము. అయితే రేపు డ్యూటీ ఉన్నదని వాకిటకు వచ్చి చెప్పినచో, బ్యాండువాడు బాకా దించి నాలుగిండ్లు నడచిపోవును. డీజే బండికి ఆ మాట వినబడదు.

పెండ్లి కుదిరిన ఇండ్లవారికి మాదొక్క విన్నపము. బండిని పెట్టినను పెట్టుడు, ఎదుర్కోళ్ల గంటయైనను బ్యాండుకు విడువుడు. ఆ గంటను ప్రొద్దు క్రుంకిన తరువాత పెట్టుకొనుడు. ముహూర్తము వాయిదాపడినచో బయానా తిరిగి అడుగకుడు, ఆ దినమునకు వారు మఱియొక పిలుపును కాదని యుందురు. మజ్జిగ కుండను పందిటిలో కాదు, మేళము నిలుచు చోట పెట్టింపుడు.