ఎవరి ఫలితం వారి సొంతం

(మన శిక్షణ కేంద్రంలో జరిగిన సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆలోచనా శైలి పరీక్షల వల్ల ఉపయోగాలేమిటో చెప్పమని నన్ను పిలిచారు. ఉపయోగాలు శిక్షణ తరగతుల్లో చాలానే విన్నాం. నేను మాత్రం ఇవాళ ఒక పొరపాటు గురించి చెప్తాను. అది చేసింది నేనే.

ముందుగా ఇంటి నుంచి వచ్చిన వారి కోసం నాలుగు మాటలు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో మేనేజర్లకు శిక్షణ ఇచ్చే విభాగాన్ని చూసిన నెడ్ హెర్మన్ అనే ఆయన 1970ల చివర్లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో 120 ప్రశ్నలుంటాయి. మన జవాబుల్ని బట్టి, మన ఆలోచన ఎటు మొగ్గుతుందో నాలుగు రంగుల్లో చూపిస్తారు. లెక్క, తర్కం, రుజువు ఇష్టమైతే నీలం. వరస, పద్ధతి, గడువు ఇష్టమైతే ఆకుపచ్చ. మనుషులు, మాటామంతీ అయితే ఎరుపు. ఊహ, కొత్తదనం అయితే పసుపు. చాలామందిలో ఒకటికంటే ఎక్కువ రంగులే బలంగా ఉంటాయి. ఇందులో పాసు, ఫెయిలు లేవు. ఇది మన ఇష్టాన్ని చెప్తుంది, సామర్థ్యాన్ని కాదు. ఈ ఒక్క మాటా నేను మర్చిపోయాను.

నాకు పసుపు బాగా ఎక్కువ, ఆకుపచ్చ బాగా తక్కువ వచ్చింది. ఆ కాగితం ఇంట్లో చూపిస్తే మా ఆవిడ, "మీరు పని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారని తెలుసుకోవడానికి 120 ప్రశ్నలెందుకండీ, నన్నడిగితే సరిపోయేదిగా!" అంది.

అప్పుడు నేను 14 మంది పనిచేసే ఒక బ్రాంచికి మేనేజర్ని. ఎవరి ఫలితం వాళ్ళకి కవర్లో వచ్చింది. మేనేజర్ని కాబట్టి నాకు మొత్తం జాబితా ఇచ్చారు. నేనేం చేశానంటే, పేర్లూ రంగులూ ఒక చార్టు మీద రాయించి, మేం భోజనాలు చేసే గదిలో అంటించాను. ఒకరినొకరు అర్థం చేసుకుంటారని నా ఉద్దేశం. ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

మొదటి వారం అంతా నవ్వులే. తర్వాత ఆ నవ్వులు మారిపోయాయి. ఎవరైనా ఒక ప్రశ్న గట్టిగా అడిగితే "ఆయన నీలం కదా, వదిలెయ్యి" అనేవారు. కౌంటర్ దగ్గర గొడవైతే "ఎరుపు వాళ్ళని పంపించండి" అనేవారు. క్యాష్ కౌంటర్లో ఒక మేడమ్ ఉండేవారు. ఆవిడకి ఆకుపచ్చ ఎక్కువ, పసుపు చాలా తక్కువ. టిఫిన్ బాక్సు పట్టుకుని గదిలోకి రాగానే "ఆకుపచ్చ గారొచ్చారు, మూతలు వరసగా పెట్టండి" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మేడమ్ చిన్న వ్యాపారుల రుణాల సీటు కావాలని అంతకు ముందే నన్ను అడిగి ఉన్నారు. ఆ సీటు ఖాళీ అయినప్పుడు నేను చార్టు వైపు చూసి, "ఈవిడకి క్యాషే నప్పుతుంది, కొత్త పని ఇబ్బందవుతుంది" అనుకుని వేరే వారికి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం క్యాష్ టాలీ అయ్యాక ఆవిడ నా క్యాబిన్‌లోకి వచ్చారు. కోపం లేదు. "సార్, నా ఖాతాలో ఎంతుందో పక్క సీటు వాళ్ళు అడిగితే చెప్తారా?" అని అడిగారు. చెప్పనన్నాను. "మరి ఇది ఎందుకు చెప్పారు సార్?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఖాతాదారుడి వివరాలు బయటపెట్టకూడదని మన జాతీయ బ్యాంకుల 1970 చట్టంలో 13వ సెక్షన్ చెప్తుంది. మనమందరం గోప్యత ప్రకటన మీద సంతకం పెట్టే ఉద్యోగంలో చేరాం. ఒక మనిషి బ్యాలెన్సుని దాచే మనం, ఆ మనిషి మనసు తీరుని గోడకి అంటించవచ్చా?

మర్నాడు పొద్దున్నే చార్టు తీసేశాను. అందరి ముందూ ఆవిడకి క్షమాపణ చెప్పాను. కానీ సీటు అప్పటికే వెళ్ళిపోయింది. ఇచ్చిన వారి దగ్గర వెనక్కి తీసుకోవడం ఇంకో అన్యాయం. ఆ ఏడాది ఆవిడకి జరిగిన నష్టం నేను పూడ్చలేకపోయాను.

తర్వాత ఒక మూడో శనివారం పని ముగిశాక అందరం కూర్చున్నాం. రంగుల పేర్లు ఎత్తకూడదని అనుకున్నాం. ఇష్టమున్నవారు, తమ గురించి మాత్రమే, మూడు సంగతులు చెప్పాలి. నాకు ఏ పని హాయిగా ఉంటుంది, ఏది చిరాకు పెడుతుంది, నాతో ఏదైనా చెప్పాలంటే ఎలా చెప్పాలి.

ముందు నేను చెప్పాను. "మార్చి ముగింపు రోజుల్లో కూడా ఆఖరి నిమిషంలో ప్లాన్ మార్చి మిమ్మల్ని ఏడిపించేది నేనే. నెలవారీ రిటర్నులు నేను మర్చిపోతాను. గడువుకి రెండు రోజుల ముందు ఎవరైనా గుర్తు చేస్తే కోప్పడను" అన్నాను. పెద్దవాడు తన లోటు తను చెప్పుకుంటే మిగతావారికి భయం తగ్గుతుంది. ఒక్కొక్కరూ నోరు విప్పారు. ఇద్దరు మాత్రం ఏమీ చెప్పమన్నారు. వాళ్ళని ఎవరూ ఎందుకని అడగలేదు.

మేడమ్ వంతు వచ్చింది. "నాకు కొత్త పనంటే భయం లేదు సార్. మార్పు ఉంటే ఒక్క రోజు ముందు చెప్పండి, ఏది ముందు ఏది వెనక అని ఒక కాగితం మీద రాసివ్వండి, ఏ సీటయినా చేస్తాను" అన్నారు.

చూశారా, చార్టు చెప్పినదానికీ, మనిషి చెప్పినదానికీ ఎంత తేడా! మరుసటి మార్పుల్లో ఆవిడకి రుణాల సీటు ఇచ్చాను. ఏ ఖాతాకి స్టాక్ స్టేట్‌మెంట్ రాలేదో, ఎవరి ఇన్సూరెన్స్ గడువు దగ్గరపడిందో ఆవిడ చిన్న పుస్తకంలో రాసుకునేవారు. నేను అడగక ముందే నా టేబుల్ మీదకి వచ్చేది.

కాబట్టి మేనేజర్లకు నా మనవి ఒకటే. ఎవరి ఫలితం వారి సొంతం. చెప్పాలో వద్దో వారి ఇష్టం. సీట్లు పంచేటప్పుడు, పేర్లు సిఫారసు చేసేటప్పుడు ఆ కాగితం ముందు పెట్టుకోకండి. మనిషిని పిలిచి అడగండి. చెప్పేవారు కూడా రంగు చెప్పి ఊరుకోకుండా, మీకేం కావాలో చెప్పండి.

ఇళ్ళలో ఉన్న అమ్మానాన్నలకి ఒక మాట. మనం కూడా ఇంట్లో చార్టులు అంటిస్తాం. చుట్టాలొస్తే పిల్లాడు వింటుండగానే "మావాడికి లెక్కల బుర్ర లేదండీ" అంటాం. బళ్ళో ఏదో పరీక్ష పెడితే ఆ ఫలితం ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తాం. వాడిని అడిగామా? ఈసారి ఫోన్ తీసే ముందు వాడి ముఖం ఒక్కసారి చూడండి.

గడువు దాటి మాట్లాడి ఉంటే మన్నించండి. నా సంగతి ముందే చెప్పాను కదా!