బ్రాకెట్టులో చిక్కిన పింఛను
(నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. దానికి డాక్టర్లున్నారు. నాకు తెలిసింది లెక్కలే. కనుక మనమంతా హైస్కూల్లో చదివి మరిచిపోయిన సమీకరణం ఒకటి చెబుతాను. భయపడకండి, ఒక్కటే.

2024 మార్చి నెలాఖరున కేంద్ర ప్రభుత్వ కొలువు నుంచి రిటైరైన మిత్రుడొకరు జూలైలో పాస్‌బుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "అన్నగారూ, నెలకు 18,000 పడుతోంది. ఎందుకో తక్కువనిపిస్తోంది. కౌంటరులో అడిగితే కంప్యూటరు లెక్క, తప్పు రాదంటున్నారు" అన్నారు. కమ్యుటేషన్ కోత నెలకు 8,000 అని ఆయనకు గుర్తుంది. అప్పటి డి.ఆర్. 50 శాతం. మూల పింఛను ఎంతో మాత్రం గుర్తులేదు, పి.పి.ఓ. ఇంట్లో వదిలి వచ్చారు.

సరే, తెలియనిదాన్ని 'యా' అనుకుందామన్నాను. భాస్కరాచార్యులు తన బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అన్నారు. రాతలో 'యా' చాలు.

నిబంధన ప్రకారం డి.ఆర్. లెక్క కట్టవలసింది కోతకు ముందున్న పూర్తి మూల పింఛను మీద. కోత ఆ తర్వాత. అంటే:

1.5 యా − 8,000 = 18,000

8,000ను అవతలి పక్షానికి పంపితే 1.5 యా = 26,000. యా = 17,333 రూపాయల చిల్లర. మూల పింఛనులో పైసలుండవు గదా! అనుమానం వచ్చి బ్రాకెట్టు పెట్టి చూశాను.

1.5 (యా − 8,000) = 18,000

బ్రాకెట్టు విప్పేటప్పుడు బయటి అంకె లోపలి రెండింటినీ గుణించాలి.

1.5 యా − 12,000 = 18,000
1.5 యా = 30,000
యా = 20,000

ఇంటికి ఫోను చేయించాను. వారి శ్రీమతిగారు పి.పి.ఓ. తీసి, "ఇరవై వేలండీ" అని చదివారు. దొంగ దొరికాడు. ముందు కోత కోసి, మిగిలిన 12,000 మీదే డి.ఆర్. వేశారన్నమాట. రావలసింది 30,000లో 8,000 పోను 22,000. నెలకు 4,000 నష్టం. బ్రాకెట్టు విప్పితే వచ్చిన 12,000కూ అసలు కోత 8,000కూ ఉన్న తేడా సరిగ్గా అదే.

ఇందులో తమాషా ఒకటుంది. పిల్లలు బ్రాకెట్టు విప్పేటప్పుడు మొదటి పదాన్ని గుణించి రెండోదాన్ని అలాగే వదిలేస్తారు. 1.5 యా − 8,000 అని రాసేస్తారు. దానికి నేనూ బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణే. బడిలో తప్పయిన ఆ వరుసే మన పింఛనుకు ఒప్పు!

రెండు లెక్కలూ పక్కపక్కన రాసి, పి.పి.ఓ. నకలు జతచేసి అర్జీ ఇప్పించాను. ఈసారి కంప్యూటరు మాట ఎవరూ ఎత్తలేదు. ఆగస్టు పింఛనుతో పాటు నాలుగు నెలల బకాయి 16,000 జమపడింది.

పాస్‌బుక్కులు తెచ్చుకున్నవారు టీ తాగాక నా దగ్గరికి రండి, కాగితం పెన్సిలు ఉన్నాయి. కమ్యుటేషనుకు 15 ఏళ్లు నిండినా ఇంకా కోత పడుతున్నవారుంటే ముందు వారు రావాలి.