పాంపేలో దొరికిన రశీదులు

(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇటలీ వెళ్ళొచ్చారు గదా, నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను చరిత్రకారుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన గుమాస్తాను. ముప్ఫై అయిదేళ్ళు ఫైళ్ళు కట్టాను, రిజిస్టర్లు రాశాను. పాంపే నగరాన్ని కూడా ఆ కళ్ళతోనే చూశాను. మీరూ అలాగే వినండి.

మా అబ్బాయిది జర్మనీలో ఉద్యోగం. 2023 అక్టోబరులో మమ్మల్నిద్దర్నీ పిలిపించుకున్నాడు. వారం రోజులు సెలవు పెట్టి, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని ఇటలీ తీసుకువెళ్ళాడు. నేపుల్స్ నుంచి పాంపేకి లోకల్ రైలు ఉంది. కిటికీలోంచి ఎడమ పక్కన వెసూవియస్ కొండ కనిపిస్తూనే ఉంటుంది. చూడడానికి ఎంతో శాంతంగా ఉంది. "ఈ కొండేనా అంత పని చేసింది?" అని మా ఆవిడ నమ్మలేకపోయింది. ఆ అగ్నిపర్వతం ఆఖరిసారి పేలింది 1944లో. ఇప్పటికీ అది చల్లారిపోయినట్టు కాదు, నిద్రపోతున్నట్టేనట.

క్రీ.శ. 79లో అది బద్దలైంది. ఆగస్టు 24న జరిగిందని ఎన్నో ఏళ్ళుగా పుస్తకాల్లో రాశారు. 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో గీసిన తారీఖు బయటపడింది. అది మన లెక్కలో అక్టోబరు 17 అవుతుంది. అందుకని ప్రమాదం అక్టోబరు చివర్లో జరిగి ఉంటుందని ఇప్పుడు చాలామంది పండితులు అంటున్నారు. గోడ మీద ఎవరో గీసిన ఒక్క బొగ్గు గీత అన్ని పుస్తకాలనూ తిరగరాయించింది! తారీఖు వెయ్యని నోట్‌ఫైలు ఎంత పనికిమాలిందో మనకు తెలుసు గనక ఈ సంగతి మనలాంటి వాళ్ళకే బాగా అర్థమవుతుంది.

మొదటి రోజంతా బూడిద, తేలికైన రాళ్ళు కురిశాయి. ఇళ్ళ కప్పులు కూలాయి. మర్నాడు మండుతున్న వాయువు, బూడిద కలిసి కొండ మీద నుంచి పరుగున దిగివచ్చాయి. మిగిలిన వాళ్ళు దానికి బలైపోయారు. ఊరు నాలుగైదు మీటర్ల లోతున పూడిపోయింది. 1748లో తవ్వకాలు మొదలయ్యాయి. నగరం వైశాల్యం 66 హెక్టార్లు. అందులో మూడో వంతు ఈనాటికీ మట్టి కింద అలాగే ఉంది. ముందు తరాల వాళ్ళు ఇంకా మంచి పద్ధతులతో తవ్వుకుంటారని కావాలనే వదిలిపెట్టారట. ఆ ముందుచూపుకి దండం పెట్టాను.

వీధుల్లో పెద్ద పెద్ద రాతి పలకలు పరిచారు. బండి చక్రాలు తిరిగి తిరిగి వాటి మీద లోతుగా గాళ్ళు పడ్డాయి. అక్కడక్కడా వీధికి అడ్డంగా ఎత్తైన రాళ్ళు ఉన్నాయి. వానాకాలంలో కాళ్ళు తడవకుండా దాటడానికి అవి. బండి చక్రాలు వాటి సందుల్లోంచి పోతాయి. మోకాళ్ళ నొప్పులున్న మిత్రులకు ఒక మాట: మంచి బూట్లు వేసుకుని, చేతికర్ర పట్టుకుని వెళ్ళండి. ఆ రాళ్ళ మీద నడక తేలిక కాదు. మా మనవడు లేడిపిల్లలా గెంతుతుంటే, నేను ప్రతి మూలా ఏదో ఒక అరుగు వెతుక్కున్నాను.

ఒక రొట్టెల బట్టీ దగ్గర మా ఆవిడ ఆగిపోయింది. నల్లరాతి తిరగళ్ళు నాలుగు నిలబడి ఉన్నాయి, నిలువెత్తు డమరుకాల్లాగా. గాడిదల చేత, బానిసల చేత తిప్పించేవారట. "ఏమండీ, పొయ్యి కూడా మన ఊళ్ళో బేకరీ పొయ్యిలాగే ఉంది" అంది. ఇలాంటి ఒక బట్టీలో 81 రొట్టెలు మాడి బొగ్గయినా చెక్కుచెదరకుండా దొరికాయి. పొయ్యిలో పెట్టినవాడికి తియ్యడానికి వ్యవధి లేకపోయింది.

గోడల మీద ఎర్ర రంగుతో ఎన్నికల ప్రచారం కనిపిస్తుంది. పండ్ల వ్యాపారులంతా ఫలానా అభ్యర్థిని బలపరుస్తున్నారని ఒకచోట ఉందట. ఇంకొకచోట, రాత్రి పొద్దుపోయేదాకా తాగేవాళ్ళందరూ ఫలానా వారి పక్షమేనని రాశారట. అది ఎదుటి పక్షం వాళ్ళ కొంటెతనమే అయి ఉంటుందని గైడు నవ్వాడు. అది విన్నాక రోము పరాయి దేశం అనిపించలేదు నాకు.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతికి వస్తున్నాను.

వెసూవియస్ ద్వారం వైపు వెళ్ళే వీధిలో ఒక ఇంటి గుమ్మం దగ్గర గైడు మమ్మల్ని ఆపాడు. ఆ ఇల్లు లూకియస్ కైకిలియస్ యుకుండస్ అనే ఆయనది. వేలంపాటలు నడిపి, కొన్నవాడికి అప్పిచ్చి, అమ్మినవాడికి సొమ్ము చెల్లించి, మధ్యలో తన కమిషన్ తీసుకునే షావుకారు. 1875లో ఆ ఇంట్లో ఒక చెక్కపెట్టె దొరికింది. దాన్నిండా మైనం పూసిన చెక్కపలకలు. మొత్తం 150కి పైగా రశీదులు. మైనం కరిగిపోయింది, చెక్క బొగ్గయింది. అయితే రాసినవాడు ఇనప గంటం కాస్త గట్టిగా నొక్కి రాయడం వల్ల అక్షరాలు చెక్క మీద గీతలై నిలిచాయి. వాటినే పండితులు ఒక్కొక్కటిగా చదివారు.

ఆ రశీదుల పద్ధతి వింటే మీరు ముచ్చటపడతారు. ఒక్కో రశీదుకు మూడేసి పలకలు. అసలు ప్రతి లోపల పెట్టి, దారంతో కట్టి, సాక్షులు వరసగా ముద్రలు వేసేవారు. అదే సంగతి బయటి పలక మీద మళ్ళీ రాసేవారు. రోజూ చూసుకోవడానికి బయటిది. తగవు వస్తే ముద్రలు పగలగొట్టి లోపలిది చదవడం. ఒరిజినలూ, డూప్లికేటూ! సాక్షుల సంతకాలు కూడా హోదాను బట్టి, పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు వెనక. మన ఆఫీసుల్లో హాజరుపట్టీ గుర్తుకు రాలేదూ?

అందులో కొన్ని నగరపాలక సంఘానికి కట్టిన సొమ్ముకు ఇచ్చిన రశీదులు. బట్టలు ఉతికే కార్ఖానా తాలూకు ఒక ఏడాది బకాయి 1,652 సెస్టర్షియాలు ముట్టినట్టు ఒకదాంట్లో ఉంది. ఆ రశీదు రాసినవాడి పేరు ప్రివాటస్. అతడు నగరానికి చెందిన బానిస. అంటే ఊరి సొత్తుగా లెక్క కట్టిన మనిషి. ఇల్లూ వాకిలీ తనవి కావు, తన ఒళ్ళే తనది కాదు. కానీ ఊరి పద్దులు రాసేవాడు అతడే. "నేను, ప్రివాటస్‌ను, ఈ సొమ్ము ముట్టినట్టు రాశాను" అనే అర్థం వచ్చేలా తన పేరు పెట్టి, తారీఖు వేసి రాశాడు. ఆ ఊరి ధనవంతులు ఎందరి పేర్లో మట్టిలో కలిసిపోయాయి. దాదాపు రెండు వేల ఏళ్ళ తరువాత మనం తలుచుకుంటున్నది ఈ గుమాస్తా పేరు.

నేను ఆ గుమ్మం దగ్గర కాసేపు కూర్చుండిపోయాను. మనవడు వచ్చి, "తాతయ్యా, కాళ్ళు నొప్పులా?" అని అడిగాడు. అవునన్నాను.

ఆ మధ్యాహ్నం చనిపోయినవాళ్ళ ఆకారాలు చూశాం. బూడిద గట్టిపడిపోయాక లోపలి దేహం శిథిలమై ఖాళీ ఏర్పడింది. 1863లో ఫియొరెల్లి అనే అధికారి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి, మనిషి ఆకారాలు బయటికి తీయించాడు. ఒక తోటలో 13 మంది పడివున్నారు, పిల్లలతో సహా. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

గైడు ఒక కథ చెప్పాడు. బంగారు కంకణం ఇల్లు అని పిలిచే చోట, చేతికి కంకణంతో ఒక పెద్ద మనిషి, ఒళ్ళో పసిబిడ్డ ఉన్న ఆకారం దొరికింది. తల్లీబిడ్డలని ఏళ్ళ తరబడి అందరూ అనుకున్నారు. మా ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. మేము తిరిగివచ్చిన మరుసటి ఏడాది, 2024లో, ఎముకల్లోని డి.ఎన్.ఎ. పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆ "తల్లి" మగవాడు. బిడ్డకూ అతడికీ రక్తసంబంధం లేదు. ఆఖరి గడియలో ఎవరి బిడ్డనో ఒళ్ళోకి తీసుకున్నవాడు ఎవరై ఉంటాడు? ఎవరికీ తెలియదు. అతడి పేరు ఏ పలక మీదా లేదు గనక మనకు తోచిన కథ మనం అల్లేశాం.

మర్నాడు నేపుల్స్ మ్యూజియంలో మన దేశపు బొమ్మను చూశాం. 1938లో పాంపేలో ఒక ఇంట్లో దొరికిన దంతపు స్త్రీమూర్తి. జానెడుకు కాస్త పైన ఉంటుంది. వడ్డాణం, కంకణాలు, కడియాలు, అటూ ఇటూ ఇద్దరు చెలికత్తెలు. శాతవాహనుల ఏలుబడిలో ఉన్న భోకర్దన్, తేర్ ఊళ్ళలో ఇలాంటి దంతపు బొమ్మలే దొరికాయి. మన తెలుగు నేల మీద నాగార్జునకొండ వంటి చోట్ల రోమన్ బంగారు నాణాలు దొరికాయి. మన సరుకు అటు, వాళ్ళ బంగారం ఇటు. ఏటా ఇంత సొమ్ము ఇండియాకు పోతోందని ప్లినీ అనే పెద్దాయన తన గ్రంథంలో వాపోయాడు కూడా. ఆయన ఈ వెసూవియస్ ప్రమాదంలోనే చనిపోయాడు. ఈ బొమ్మను మొదట లక్ష్మి అన్నారు. ఇప్పుడు యక్షిణి కావచ్చునంటున్నారు. ఆమెతో పాటు ఏ కాగితమూ రాలేదు. పీఠం కింద ఖరోష్ఠి లిపిలో ఒక్క అక్షరం మాత్రం ఉంది.

మిత్రులారా, ప్రివాటస్ ఇంతగా నా మనసులో ఎందుకు పడ్డాడో చెప్పి ముగిస్తాను. ఇది నేను ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. మా ఇంట్లో కూడా చెప్పలేదు.

1979లో ఒక ప్రాజెక్టు ముంపు గ్రామాల్లో ఇళ్ళ జాబితా రాసే పని నాకు పడింది. ఇల్లు, కప్పు, తలుపులు, బావి, చెట్లు, అన్నింటికీ కాలమ్‌లు. ఒక రైతు దొడ్లో మూలన ఒక అవ్వ చిన్న గుడిసె వేసుకుని ఉంది. "నాయనా, నా పేరు కూడా రాయి" అంది. "పట్టా ఉండాలి అవ్వా, ఊరికే రాయడం కుదరదు" అన్నాను. పట్టా కాలమ్‌లో రాయడం నిజంగానే కుదరదు. కానీ పక్కనే రిమార్కుల కాలమ్ ఖాళీగా ఉంది. అక్కడ ఒక్క వాక్యం రాస్తే పైవాళ్ళు ఏదో ఒకటి తేల్చేవారు. పొద్దు గూకుతోంది, ఆఖరి బస్సు దాటిపోతుందని పేజీ తిప్పేశాను. జాబితా ఖాయమైంది, ఊరు నీళ్ళలో మునిగింది. ఆ అవ్వకు ఏమైందో నేను విచారించలేదు. తప్పు ఆఫీసుది కాదు, రూలుది కాదు. కలం నా చేతిలోనే ఉంది.

ఒళ్ళు తనది కాని బానిస ఊరి లెక్క ఒక్క సెస్టర్షియం తప్పకుండా రాశాడు. జీతం, సెలవులు, ఇప్పుడు పెన్షన్ అన్నీ ఉన్న నేను ఒక్క పేరు రాయలేదు.

ఏటేటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూ మనం విసుక్కుంటాం. నేనూ విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు మాత్రం, మన పేరు ఒక కాగితం మీద ఉండడం, అది రాసే మనిషి ఒకడుండడం ఎంత అదృష్టమో తెలుస్తోంది.

కాబట్టి నా మనవి. ఇంటికి వెళ్ళగానే పాత ఫొటోలు తీసి, వెనక పేర్లు, సంవత్సరాలు రాయండి. మీ సొంత ఊరు, మొదటి పోస్టింగు, అక్కడి మనుషులు గుర్తున్నంత వరకు రాసి పెట్టండి. పెన్షన్ కాగితాల్లో నామినీ పేరు సరిగా ఉందో లేదో ఈ వారంలోనే చూసుకోండి. నేను ఒక నోట్‌బుక్కు మొదలుపెట్టాను. నేను జాబితాలు రాసిన ఊళ్ళ పేర్లు, గుర్తున్న కుటుంబాలు రాస్తున్నాను. ఒక పేజీలో "దొడ్లో గుడిసె, ఒక అవ్వ" అని రాసి, పేరు దగ్గర ఖాళీ ఉంచాను. ఈ సభలో ముంపు గ్రామాల నుంచి వచ్చినవాళ్ళు కొందరు ఉన్నారు. భోజనాల దగ్గర నన్ను కలవండి. ఊరి పేరు చెబుతాను. ఆమె ఎవరో మీకు గుర్తుంటే, ఆ ఖాళీ పూరించుకుంటాను.

వంటవాళ్ళు ఇటే చూస్తున్నారు.